వెనక కూర్చున్న మనిషి

"ద్రౌపదిని కూడా తీసి ఆరబెట్టు. ఆదివారం ఆవిడతో పెద్దగా పనేం లేదనుకో, అయినా పెట్టెలోనే ఉంటే బూజు పడుతుంది" అన్నాడు వర్దొయో, కాఫీ గ్లాసులో చక్కెర కలుపుకుంటూ.

అతని భార్య ముర్తిని చేతిలో మెత్తటి కుంచె ఉంది. ముప్పై అయిదు రోజులకోసారి, ఏడు రోజుల వారమూ అయిదు రోజుల వారమూ కలిసినప్పుడు, క్లివోన్ శుక్రవారం వస్తుంది. ఆ పొద్దున్నే తోలుబొమ్మల పెట్టె తెరవాలి. బొమ్మలన్నిటినీ వసారాలో కట్టిన తాళ్ళకు వేలాడదీయాలి. ఎండ తగలకూడదు, గాలి తగలాలి. ఒక్కొక్కదాని దుమ్ము దులిపి, వంగిన తోలును అరచేత్తో సాపు చేసి, సాయంత్రానికి మళ్ళీ వరసలు తప్పకుండా సర్ది, మధ్యమధ్య కలరా ఉండలు వేసి మూత పెట్టాలి. మొత్తం నూట ఎనభై బొమ్మలు. ముప్పై మూడేళ్ళుగా ఆ పని ఇంకొకరు చేసిన శుక్రవారం ఒక్కటి కూడా లేదు. పెద్దవాడు పుట్టిన వారానికే వచ్చిన శుక్రవారం మాత్రం అత్తగారు దయతలచి పెట్టె మూత తీసి పెట్టింది. తక్కినదంతా పచ్చి బాలింత ముర్తినే చేసుకుంది.

పనేం లేకపోవడమేమిటని ఆవిడ అడిగింది. ఆదివారం ఆట జూదం కథ. ద్రౌపదికి పని లేని జూదం ఎక్కడైనా ఉంటుందా? వర్దొయో ఓపిగ్గానే చెప్పాడు. ఇది మామూలుగా రాత్రంతా ఆడే ఆట కాదట. పొద్దున పది గంటలకు మొదలై పన్నెండుకల్లా అయిపోవాలట. చూసేవాళ్ళంతా కాలేజీ పిల్లలు, ఫోన్లలో చూసేవాళ్ళు ఇంకా బోలెడుమంది. నిర్వాహకులు ఫోన్ చేసి దాసీలు లింబుక్, చాంగిక్‌ల హాస్యం అరగంటైనా ఉండాలన్నారట.

"ఆ కలరా ఉండ ముక్క తప్పకుండా పెట్టమని మరీ మరీ చెప్పారు. ఇక టైమెక్కడిది? ద్రౌపదికి ఒక ఏడుపు, ఒక బట్ట లాగుడు, చాలు. ప్రశ్నలూ జవాబులూ పెట్టుకుని కూర్చుంటే పిల్లలు లేచిపోతారు."

ముర్తిని కుంచె పక్కన పెట్టేసింది. ఆ ప్రశ్నలు రాసింది ఆవిడే.

మూడు వారాల కిందట ఈ ఆట ఒప్పుకుని వచ్చినప్పుడు వర్దొయోకు ఏమీ తోచలేదు. భారతాన్ని ఈ కాలం పిల్లలకు నచ్చేలా చెప్పాలన్నారు, ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు సిగరెట్లు తగలేశాడు. మూడో రోజు ముర్తిని పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసి, సోయా గింజల టెంపే ముక్కలు వేయించే బాణలి పక్కన పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఒక వైపు వేగేలోగా ఒక వాక్యం, తిప్పాక ఇంకో వాక్యం. నాలుగు పేజీలు అయ్యాయి. సభలోకి ఈడ్చుకొచ్చాక ద్రౌపది ఏడవకుండా, తిట్టకుండా, నిలబడి అడిగే మాటలవి. వర్దొయో చదివి, బాగుంది అని, తన దస్తూరీతో తెల్ల కాగితం మీద ఎక్కించుకున్నాడు. ఆ రోజు ఆవిడ చాలా సంతోషించింది. తన పేరు రాయనందుకు కోపం కూడా రాలేదు. ద్రౌపది నోటి వెంట నా మాటలు వస్తాయి, అది చాలనుకుంది.

ఇప్పుడు ఆ కాస్త కూడా లేదన్నమాట.

ఈ ఇంటికి వచ్చినప్పుడు ముర్తినికి పందొమ్మిదేళ్ళు. వచ్చిన నెలకే అత్తగారు సుకియెం ఆమెను గెందేర్ ముందు కూర్చోబెట్టి చేతికి కర్రలిచ్చింది. వరసగా కంచు రేకులు, వాటి కింద వెదురు గొట్టాలు, రెండు చేతుల్లో రెండు గుండ్రటి తలల కర్రలు. దాలంగ్‌ల ఇళ్ళలో అది రివాజు. మొగుడు బొమ్మలాడిస్తే పెళ్ళాం గెందేర్ వాయించాలి. అతను తెరకు ఎదురుగా కూర్చుంటే, వీపుకు ఆనుకున్నంత దగ్గరగా ఆమె కూర్చోవాలి. మేళంలో తక్కిన వాద్యాలన్నీ పాట వచ్చినప్పుడు మోగుతాయి, లేనప్పుడు వాయించేవాళ్ళు టీ తాగుతారు, కునుకు తీస్తారు. గెందేర్‌కు ఆ సుఖం లేదు. దాలంగ్ మాట్లాడుతున్నంతసేపూ అది సన్నగా మోగుతూనే ఉండాలి. దాన్ని పట్టుకునే అతను భీముడి గొంతు ఎక్కడ, అర్జునుడి గొంతు ఎక్కడ అని శ్రుతి వెతుక్కుంటాడు.

"మగవాడి మాట కింద నీ వాయింపు చాపలా పరుచుకుని ఉండాలి. నువ్వు వాయిస్తున్నావని ఒక్కరికీ తెలియకూడదు. తెలిసిందంటే నీకు రానట్టే" అనేది అత్తగారు.

ముర్తినికి ఆ విద్య ఎంత బాగా వచ్చిందంటే, నిజంగానే ఒక్కరికీ తెలియలేదు. పోస్టర్ మీద దాలంగ్ పేరు చేటంత అక్షరాల్లో ఉంటుంది. దాని కింద పాడే అమ్మాయిల పేర్లు, మద్దెల సర్జి పేరు, సౌండు పెట్టె అద్దెకిచ్చినవాడి పేరు ఉంటాయి. ముర్తిని 'బృందం'లో ఉంటుంది. ఆట మధ్యలో వర్దొయో పద్యం మరిచిపోతే, ఎప్పుడూ ఆ పద్యానికి ముందు వచ్చే వరసను ఆవిడ రెండుసార్లు తిప్పి వాయిస్తుంది. పద్యం అతని నాలిక మీదికి వచ్చేస్తుంది. ఒక పత్రికవాళ్ళు అతన్ని ఏకసంథాగ్రాహి అని రాశారు. ఆ కాగితం పటం కట్టి గోడకు తగిలించారు, దాని అద్దం తుడిచేది కూడా ముర్తినే. ఇక సాధన ఉన్న రోజున పద్దెనిమిదిమందికి అన్నం, పనసకాయ కూర, సంబల్ కారం పచ్చడి. వాళ్ళు తిని లేచాక గిన్నెలు. గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి సర్జి అనేవాడు, ఏం వదినా, నీకోసమే ఆగాం, ఇంతసేపు ఏం చేస్తున్నావు అని.

కలరా ఉండ సంగతి ఆర్నెల్లనాటిది. ప్రతి ఆటలోనూ కాసేపు ఇద్దరు దాసీలు వస్తారు, తల్లి చాంగిక్ ఎండు పుల్ల, కూతురు లింబుక్ బండ మనిషి. ఆడవాళ్ళిద్దరూ మనసు విప్పి మాట్లాడుకునే చోటు కథ మొత్తంలో అదొక్కటే, అదీ మగవాడి గొంతుతోనే. ఆ రోజు లింబుక్ తల్లిని అడిగింది, దాలంగ్ వెనక కూర్చున్నావిడ ఎవరమ్మా అని. చాంగిక్ తొంగి చూసి చెప్పింది. "ఆవిడా? కలరా ఉండ. బొమ్మలకు పురుగు పట్టకుండా పెట్టెతోపాటే ఇచ్చారు. వాసన తప్ప ఇంకేం లేదు. పారేద్దామంటే పెట్టె ఊరుకోదు."

జనం విరగబడి నవ్వారు. కెమెరావాడు ముర్తిని వైపు తిప్పాడు. అలాంటప్పుడు ఏం చేయాలో కూడా ఒక రివాజు ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతూ నవ్వాలి. ఆవిడ నవ్వింది కూడా. ఆ నవ్వుతో సహా ఆ ముక్క లక్షలమంది ఫోన్లలోకి వెళ్ళింది. మర్నాడు బజార్లో టోఫూ అమ్మే ఆవిడ, కలరా ఉండకు ఈ రోజు ఏం కావాలో అంది. పక్కింటి పిల్లలు ఆవిడ పోతుంటే ముక్కు మూసుకుని కిసుక్కుమన్నారు. క్లాతెన్ ఊళ్ళో ముప్పై మూడేళ్ళుగా లేని పేరు ఒక్క పూటలో వచ్చింది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుంటే అతను హాయిగా నవ్వేశాడు.

"నేనెక్కడన్నానే? అన్నది చాంగిక్. బొమ్మ మాటకు కూడా మూతి ముడుచుకుంటే ఎలా? బొమ్మ అన్నదానికి దాలంగ్‌ను పట్టుకున్నవాళ్ళు లోకంలో ఉన్నారా?"

నిజమే, లేరు. ఊరి పెద్దను తిట్టినా, పోలీసును తిట్టినా, తిట్టింది బొమ్మే. తరతరాలుగా దాలంగ్‌లకు అదే రక్ష. ఆ తర్వాత పది ఆటల్లోనూ బొమ్మ ఆ మాట అంటూనే వచ్చింది, ప్రతిసారీ ముర్తిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూనే వచ్చింది. ఆ చెయ్యి మీద ఆవిడకు అసహ్యం పుట్టింది.

శుక్రవారం వసారాలో బొమ్మల మధ్య నిలబడి ఆవిడ మొదటిసారి గట్టిగానే చెప్పింది. కలరా ఉండ మాట వద్దండీ, ద్రౌపది ప్రశ్న మాత్రం ఉండాలి అని. వర్దొయో గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. తెర ముందు ఏం జరగాలో తెర ముందు కూర్చున్నవాడికి వదిలెయ్యాలట. వెనక కూర్చున్నవాళ్ళకు వెనక పని ఉంటుందట.

శనివారం అత్తగారికి తలంటుతూ ముర్తిని అడిగింది, అత్తయ్యా, మీరెప్పుడైనా ఆట మధ్యలో వాయించడం ఆపారా అని. ముసలావిడ వేళ్ళు ఇప్పుడు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి, గ్లాసు పట్టుకోవడమే కష్టం. ఆవిడ కళ్ళు మూసుకునే జవాబిచ్చింది.

"ఆపితే మనిషి పడిపోడూ?"

ఆదివారం హాలు నిండిపోయింది. నేల మీద వరసల్లో ఆడపిల్లలు, మగపిల్లలు, అందరి చేతుల్లో ఫోన్లు. తెర కింద అడ్డంగా పరిచిన అరటి బోదెలకు బొమ్మలు గుచ్చి ఉన్నాయి. ప్రతి వాద్యం ముందూ ఒక మైకు పెట్టారు, గెందేర్ ముందు కూడా. వర్దొయో జరీ అంచు చొక్కా వేసుకుని, వెనక నడుములో బాకు దోపుకుని కూర్చున్నాడు. కాలి వేళ్ళ మధ్య చెక్కముక్క ఇరికించుకుని పెట్టెను టకటకమనిపించాడు. ఆట మొదలైంది.

బాగానే ఆడాడు, అది ఒప్పుకోవాలి. చేతిలో పనితనం ఉన్న మనిషి. శకుని వంకర నడక చూసి పిల్లలు ఈలలు వేశారు. తర్వాత దాసీలు వచ్చారు, చాంగిక్ తొంగి చూసింది, కలరా ఉండ వచ్చింది. ఏం వస్తుందో ముందే తెలిసినవాళ్ళు అతనికంటే ముందు అరిచి చెప్పారు. ఫోన్లన్నీ ముర్తిని వైపు తిరిగాయి. ఈసారి ఆవిడ చెయ్యి నోటి దాకా వెళ్ళలేదు. వాయిస్తూ ఊరికే చూసింది. నవ్వు కొంచెం తక్కువసేపే ఉంది.

జూదం మొదలైంది. ఈ దేశంలో ద్రౌపదికి మొగుడు ఒక్కడే, ధర్మరాజు. అయిదుగురుంటే ఏం, ఒకడైతే ఏం, పణంలో పెట్టడానికి ఒకడు చాలు. ధర్మరాజు గుర్రాలు పోయాయి, ఏనుగులు పోయాయి, తమ్ముళ్ళు పోయారు, తనూ పోయాడు. శకుని అడిగాడు, ఇంకేం మిగిలింది నాయనా అని. ముర్తిని సన్నగా వాయిస్తూ ఉంది. ఇక్కడ ధర్మరాజు చాలాసేపు తల దించుకుని, ద్రౌపది పేరు ఎత్తాలి. ఆ తల దించుకోవడం కోసం ఆవిడ ఒక వరస సిద్ధం చేసుకుంది, వారం రోజులు సాధన చేసింది.

వర్దొయోకు నవ్వుల రుచి ఇంకా నోట్లోనే ఉంది. ధర్మరాజు తల దించలేదు.

"నా వెనక ఒక కలరా ఉండ ఉంది. పాతదే, కానీ ఇంకా అరగలేదు. అది పెట్టుకుంటారా?"

హాలు హాలంతా ఘొల్లుమంది. శకుని చేతులూపుతూ, అయ్యో వద్దు బాబూ, అది గెలిస్తే ఇంటికి తీసుకెళ్ళాలి అన్నాడు. ఇంకా నవ్వారు.

ఇంట్లో చెప్పుకుంటే నవ్వాడు, సరే. దాసీల వేళాకోళంలో అన్నాడు, సరే. ఇప్పుడు జూదపు పలక మీద పెట్టాడు. ఇంతమందిలో, ఆ మాట అంటున్నప్పుడు శ్రుతి తప్పకుండా తన చేతులతోనే వాయించుకుంటూ! నన్ను పణం పెట్టే మాటకు నేనే చాప పరవాలా? ఇంత సిగ్గులేని పని ఇంకోటి ఉందా అనుకుంది. చేతులు పైకి లేచాయి. రెండు కర్రలూ ఒళ్ళో పెట్టుకుంది.

మొదట ఎవరికీ తెలియలేదు. నవ్వులు తగ్గాక తెలిసింది. వర్దొయో ద్రౌపది బొమ్మను తెర మీదికి తెచ్చి, ఏడుపు గొంతుతో "నాథా" అన్నాడు. శ్రుతి ఎక్కడో ఉంది, గొంతు ఇంకెక్కడో ఉంది. మళ్ళీ అన్నాడు. ఈసారి మరీ కిందికి దిగి, మగగొంతు బయటపడిపోయింది. నవ్వడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు కూడా ఏమిటిది అన్నట్టు చూశారు. అతను కాలితో పెట్టెను కొట్టాడు. వాయించమని. ముర్తిని కదలలేదు. ఇంకోసారి, గట్టిగా కొట్టాడు. వెనక్కి తిరగలేడు. దాలంగ్ ఆట మధ్యలో తెర నుంచి మొహం తిప్పకూడదు. సర్జి మద్దెల మీద చేతులు పెట్టుకుని, వదినా, వదినా అని గొణిగాడు.

ముర్తిని గెందేర్ ముందున్న మైకును కొంచెం పైకెత్తింది.

"సభలో పెద్దలున్నారు. నాదొక్క సందేహం, తీర్చండి" అంది. ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది, టోఫూ బేరమాడినట్టు. "నా మొగుడు ముందు తనని ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? ముందు తననే ఓడిపోతే ఆయన దాసుడు. దాసుడికి నన్ను పణం పెట్టే హక్కు ఎవరిచ్చారు? ముందే నన్ను ఓడిపోయాడంటారా, అయితే ఆట మొదలుపెట్టే ముందు నన్నెవరైనా అడిగారా?"

ఇక్కడే వర్దొయోకు గడ్డు చిక్కు వచ్చి పడింది. మాట వినిపిస్తూ బొమ్మ చెయ్యి ఆడకపోతే దాలంగ్‌కు అంతకంటే తలవంపు లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ తప్పుకు కర్రతో వేళ్ళ మీద కొట్టేవాడు. ఇప్పుడు ద్రౌపది మాట్లాడుతోంది, బొమ్మ అతని చేతిలో ఉంది. అతని చెయ్యి లేచింది. ఇష్టంతో కాదు, అలవాటుతో. తెర మీద ద్రౌపది చెయ్యి చాచి, సభను చూపిస్తూ అడగడం మొదలుపెట్టింది.

"మీ ఇంట్లో అందరికంటే ముందు లేచింది నేను. అందరూ తిన్నాక తిన్నది నేను. ఎవరు ఏది మరిచిపోయినా గుర్తుచేసింది నేను. అప్పుడు ఈ ఇంటి మనిషిని. ఓడిపోయేటప్పుడు మాత్రం మీ సొత్తునా? పెద్దలు మాట్లాడరేం? ఇందాక నవ్వినప్పుడు అందరికీ నోళ్ళున్నాయిగా."

నాలుగు పేజీల్లో లేని వాక్యం ఆ చివరిదే. అదెలా వచ్చిందో ఆవిడకే తెలియదు. కొందరు ఫోన్లు కిందికి దించారు. సర్జికి ఏమనిపించిందో మద్దెల మీద ఒక్క దెబ్బ వేశాడు, సభలో ఒక మాటకు విలువ కట్టేటప్పుడు వేసే దెబ్బ. తెర మీద భీష్ముడు, ద్రోణుడు బోదెకు గుచ్చినవాళ్ళు గుచ్చినట్టే ఉండిపోయారు. ఏ కథలోనూ వాళ్ళ దగ్గర జవాబు లేదు, వర్దొయో దగ్గరా లేదు.

అప్పుడు ముర్తిని కర్రలు తీసుకుని మళ్ళీ సన్నగా వాయించింది. వర్దొయో గొంతుకు శ్రుతి దొరికింది. తక్కిన కథ గబగబా ముగించాడు. ఇంకెక్కడా ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

ఆట అయ్యాక ఆవిడ వాద్యానికి గుడ్డ కప్పుతుంటే ఒక ఆడపిల్ల వచ్చి, పోస్టర్ అంతా వెతికాను, మీ పేరు కనపడలేదండీ అంది. ముర్తిని అని చెప్పింది. ఆ పిల్ల చేతి మీద పెన్నుతో రాసుకుని వెళ్ళింది.

బండి దిగిన వర్దొయో ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే తల్లి దగ్గరికి వెళ్ళాడు. ముసలావిడ మనవడు కొనిచ్చిన ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, అంతా చూసింది. నలుగురిలో నా పరువు తీసిందమ్మా అని మొదలుపెట్టి, తాత కాలం నుంచి ఈ ఇంట్లో ఇలాంటిది జరిగిందా, నాన్న ఆడించినంతకాలం నువ్వెప్పుడైనా ఆపావా, నువ్వే చెప్పు అన్నాడు.

సుకియెం వంకర వేళ్ళను ఒళ్ళో ఒకదాని మీద ఒకటి వేసుకుంది.

"ఆపలేదురా. మీ నాన్న ఇంతకంటే పాడు మాటలు అన్నాడు. అన్నప్పుడల్లా ఇంకా శ్రద్ధగా వాయించాను." ఒళ్ళోని ఫోనును పక్కకు జరిపి, "ఆపాల్సింది" అంది.

వర్దొయోకు ఇక పోవడానికి చోటు లేకపోయింది. వసారాలోకి వచ్చాడు. ముర్తిని బండిలోంచి దించిన పెట్టె పక్కన నిలబడి జడ విప్పుకుంటోంది. మేళంలో పద్దెనిమిదిమందీ హాలు దగ్గరే తినేసి రావడం వల్ల ఈ పూట వంట లేదు. అతను గొంతు తగ్గించి అడిగాడు. "వచ్చే నెల వొనొగిరిలో ఆట ఉంది. అక్కడ కూడా నన్నిలాగే నిలదీస్తావా?"

ముర్తిని నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది.

"నేనెక్కడ నిలదీశానండీ? అడిగింది ద్రౌపది. బొమ్మ మాటకు మూతి ముడుచుకుంటే ఎలా?" అంది. తువ్వాలు భుజం మీద వేసుకుని స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "బొమ్మలు మీరు సర్దుకోండి. కలరా ఉండలు ఆ రేకు డబ్బాలో ఉన్నాయి."